మిగిలిపోయిన కిట్లు ఎవరివి?



ఈ మధ్య ఒక స్టడీ సర్కిల్‌లో డిగ్రీ చదివే చెల్లె ఒకామె అడిగింది: "అన్నా, కరోనా టైంలో కోట్లు పెట్టి కొన్న కిట్లు, మాస్కులు గోదాముల్లో పడి ఎక్స్‌పైర్ అయిపోతున్నాయంట. అదంతా వేస్టే కదా?" అక్కడే రెండు ముక్కల్లో చెప్పేసి రావచ్చు. కానీ ఈ ప్రశ్నకు మన చరిత్రతో చాలా లోతైన సంబంధం ఉంది. అందుకే ఇవాళ దీని మీదనే రాస్తున్నా. మూడు చోట్లకు పోదాం. ముందు బాటసింగారం. అక్కడి నుంచి 1877 నాటి కర్నూలు, బళ్లారి. చివరికి 2021లో మన ఎల్‌బీ నగర్ పక్కనే ఉన్న సాహెబ్‌నగర్. పోస్టు పెద్దదే, ఓపికగా చదవండి.

1. గాలిని లెక్కలో వేసుకోని షెడ్డు

విజయవాడ హైవే మీద హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట దాటి పోతే బాటసింగారం. ఇప్పుడు మామిడి సీజన్ వస్తే హైదరాబాద్‌కు వచ్చే లారీలన్నీ అక్కడే ఆగుతాయి. అంతకు ముందు ఈ పండ్ల మార్కెట్ దిల్‌సుఖ్‌నగర్ దగ్గర కొత్తపేట గడ్డిఅన్నారంలో ఉండేది. 1986 నుంచి అక్కడే, 22 ఎకరాల్లో. మరి ఊరి బయటికి ఎందుకు పోయింది?

2020 ఎండాకాలం. లాక్‌డౌన్, మామిడి సీజన్ ఒకేసారి వచ్చాయి. గడ్డిఅన్నారంలో జనం గుంపులు కడితే కరోనా అంటుకుంటదని మామిడి వ్యాపారాన్ని కోహెడకు మార్చారు. ఖాళీ జాగా, తాత్కాలిక షెడ్లు. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉంటదని ఆలోచన. అది తప్పు ఆలోచన కాదు. కానీ మే మొదటి వారంలో గాలిదుమారం, వాన వచ్చి ఆ షెడ్లు కూలిపోయాయి. కింద ఉన్నోళ్లు పలువురు గాయపడ్డారు.

వైరస్ కొత్తది, దాని గురించి ఎవరికీ తెలియదు. మరి ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణలో గాలిదుమారం రావడం కొత్తా? మామిడికాయ రాలేదే ఆ గాలికి. ప్రతి ఏడూ వచ్చే ఆపద కాబట్టి అది ఎవరి లెక్కలోకీ రాలేదు. ఎమర్జెన్సీ కోసం కట్టిన షెడ్డే ఎమర్జెన్సీ అయింది.

ఆ తర్వాత మార్కెట్‌ను బాటసింగారంలోని లాజిస్టిక్స్ పార్కులోకి మార్చారు. గడ్డిఅన్నారం స్థలంలో సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అంటే కరోనా నేర్పిన పాఠం ఒక ఆస్పత్రి రూపంలో నిలబడుతోంది. మంచిదే. నగరానికి తూర్పు దిక్కున పెద్ద సర్కారు దవాఖానా కావాలి. కానీ ఆ మార్కెట్ మీద బతికే హమాలీలకు, ట్రేలు సర్దే ఆడవాళ్లకు, ఆటోవాళ్లకు రోజూ హైవే ప్రయాణం వచ్చి పడింది. ఈ దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. ఇది కేంద్రం చెప్పిన లెక్కే. రోజుకు 460 మందికి పైనే. దీనికి ఎవరూ చప్పట్లు కొట్టమనరు, కంట్రోల్ రూం పెట్టరు, సాయంత్రం బులెటిన్ ఇవ్వరు.

ఇంకో చిన్న సంగతి. సీజన్‌లో నేను ఆ మార్కెట్‌కు పోయినప్పుడల్లా కొనేవాళ్ల నోట ఒకటే మాట వింటా: "కార్బైడ్ వేయలేదు కదా?" న్యాయమైన భయం. కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలిన్ గ్యాస్ వస్తుంది, దాంతో కాయ రంగు మారుతుంది. పరిశ్రమల్లో వాడే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి. అందుకే పండ్లు మాగబెట్టడానికి దాన్ని వాడకూడదని నిషేధం ఉంది. 2015లో హైకోర్టు తనంతట తానే ఈ విషయం చేపట్టింది. 2016లో దాని బదులు ఇథిలిన్ గ్యాస్‌ను పరిమితితో అనుమతించారు. ఇదంతా తినేవాడి కోసం. మరి కార్బైడ్ వాడిన చోట ఆ పొట్లాలు ఉత్త చేతులతో కట్టినవాళ్లు? కాయల మధ్య పెట్టినవాళ్లు? ఆ మూసేసిన గదుల్లో పొద్దంతా గాలి పీల్చినవాళ్లు? పండు మీద పడ్డ విషం గురించి కోర్టు దాకా పోయాం. చేతి మీద పడ్డ విషం గురించి చర్చే లేదు.

2. భయానికి కూడా లెక్క ఉంది

మనుషులు ఆపదను ఎట్లా అంచనా వేస్తారనే దాని మీద పెద్ద శాస్త్రమే ఉంది. 1969లో అమెరికాలో చాన్సీ స్టార్ అనే ఇంజినీరు ఒక మాట తేల్చాడు. ఇతరులు మన మీద పెట్టే ప్రమాదం కంటే, మనం ఇష్టపడి తీసుకునే ప్రమాదం వెయ్యి రెట్లు ఎక్కువైనా మనం ఒప్పుకుంటామని. 1987లో పాల్ స్లోవిక్ ఇంకో అడుగు ముందుకేశాడు. కొత్తది, కంటికి కనపడనిది, ఒకేసారి చాలామందిని చంపేది అంటే జనం ఎక్కువ భయపడతారు. పాతది, అలవాటైనది, ఒక్కొక్కరినే చంపేది అయితే తక్కువ భయపడతారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికన్లు విమానాలు మానేసి కార్లెక్కారు. ఆ తర్వాతి ఏడాదిలో దానివల్ల సుమారు 1,500 మంది అదనంగా రోడ్ల మీద చనిపోయారని జర్మన్ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ లెక్క కట్టాడు. విమానం భయం కనిపించింది. రోడ్డు భయం కనిపించలేదు.

ఇంతవరకు ఈ శాస్త్రం చెప్పేది నిజమే. కానీ ఇందులో 'మనుషులు' అంటే అందరూ ఒకటే అనే నమ్మకం ఉంది. మన దేశంలో అట్లా కుదరదు. ఇక్కడ పని పుట్టుకతో వస్తుంది. కులం అంటే పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ల విభజన అని బాబాసాహెబ్ 1936లోనే చెప్పాడు. పని విడిపోయినప్పుడు దానితోపాటు ఆపద కూడా విడిపోతుంది. ఒకరి ఒంటికి వచ్చే ఆపదకు 'ప్రమాదం' అని పేరు, ఇంకొకరి ఒంటికి వచ్చే ఆపదకు 'పని' అని పేరు. పని అని పేరు పడ్డాక దాన్ని ఎవరూ లెక్క కట్టరు.

స్టార్ చెప్పిన 'ఇష్టపడి తీసుకునే ప్రమాదం' అనే మాటను ఇక్కడే నిలదీయాలి. మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడు ఇష్టపడి దిగుతున్నాడా? అడ్డా మీద కూలి దొరకని రోజున వచ్చిన పిలుపును ఇష్టం అంటామా?

3. మిగిలిన బియ్యానికి కర్నూలు కట్టిన జరిమానా

ఇప్పుడు చెల్లె అడిగిన ప్రశ్నకు వద్దాం. మిగిలితే వేస్టేనా? దీనికి చరిత్రలో ఒక జవాబు ఉంది, చాలా చేదు జవాబు.

1873-74లో బీహార్‌లో కరువు వచ్చింది. అప్పుడు అక్కడ రిలీఫ్ పని చూసినవాడు సర్ రిచర్డ్ టెంపుల్. బర్మా నుంచి సుమారు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించారు. ఆకలి చావులు దాదాపు లేకుండా ఆ కరువు గట్టెక్కింది. బ్రిటిష్ పాలనలో అది అరుదైన సంగతి. అయితే చివరికి సుమారు లక్ష టన్నుల ధాన్యం మిగిలింది. దాన్ని నష్టానికి అమ్మారు. ఇక లండన్ పత్రికలు, పెద్దలు టెంపుల్ మీద పడ్డారు. ఇంత దుబారానా? ఇంత సోమరిపోతులను చేస్తావా జనాన్ని?

ఎంతమంది బతికారో ఎవరూ లెక్కించలేదు. ఎన్ని బస్తాలు మిగిలాయో లెక్కించారు.

మూడేళ్లకే దక్షిణాన కరువు. 1876-77, ధాత నామ సంవత్సరం. మన పెద్దలు ధాత కరువు అన్నది దీన్నే. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు మాడిపోయాయి. అప్పటికి అనంతపురం కూడా బళ్లారి జిల్లాలోనే ఉండేది. 1877 జనవరిలో పై సర్కారు ఇక్కడికి పంపింది ఎవరిని? అదే టెంపుల్‌ను. ఈసారి ఆయన దుబారా మచ్చ కడుక్కోవడానికి వచ్చాడు. రిలీఫ్ పనుల్లో రోజంతా రాళ్లు కొట్టే, మట్టి మోసే మగ మనిషికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం విలువ, పైన ఒక అణా కూలి అని తేల్చాడు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. చరిత్రలో దీనికి 'టెంపుల్ వేజ్' అని పేరు మిగిలిపోయింది. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అడ్డం తిరిగాడు. ఈ తిండితో కష్టం చేసే మనిషి బతకడు, పప్పు కావాలి, ఎక్కువ ధాన్యం కావాలి అన్నాడు. కొట్లాడితే కొట్లాడితే మద్రాసు ప్రభుత్వం రేషన్‌ను ఒకటింబావు పౌనుకు, కొంచెం పప్పుకు పెంచింది. బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాల్లో ఆ కరువులో చనిపోయినవాళ్లు 55 లక్షల మంది అని అంచనా. భూమి లేని, కూలి తప్ప ఇంకో ఆధారం లేని మాల మాదిగ వాడలకు రిలీఫ్ క్యాంపు తప్ప దిక్కు ఏముంది? ఆ క్యాంపులోనే తూకం తగ్గించారు.

ఇక్కడ పాఠం ఏమిటి? ఆపద దాటిపోయాక మిగిలిన సరుకును చూసి 'అనవసరంగా కొన్నాం' అనడం మనుషులు చేసే పెద్ద పొరపాటు. గోడకు తగిలించిన ఫైర్ సిలిండర్ వాడలేదని ఎవడైనా బాధపడతాడా? ఇల్లు కాలాక బావి తవ్వకూడదంటే బావి ముందే ఉండాలి, అందులో నీళ్లు మిగలాలి. బీహార్‌లో మిగిలిన ఆ లక్ష టన్నులు ప్రాణాలకు కట్టిన బీమా. దాన్ని దుబారా అని రాసుకున్నారు. ఆ జరిమానా కట్టింది లండన్ కాదు, కర్నూలు, బళ్లారి.

కాబట్టి చెల్లే, మిగిలింది కాబట్టి వేస్టు అనే మాట తొందరపడి అనకు. రేపు ఇంకో రోగం వచ్చినప్పుడు 'పోయినసారి ఎక్కువ కొన్నాం' అని చేయి ముడిస్తే, ఆ కోత మొదట తగిలేది ఎవరికో చరిత్ర చెప్పింది.

4. అందరి ఆపద, మన ఆపద

అట్లాగని కరోనా సరుకుల కథ బీహార్ కథ ఒకటే అనడం లేదు. ఇక్కడ ఇంకో ముడి ఉంది.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. నగరం నుంచి జనం లక్షల్లో పారిపోయారు. ఆనాటి మున్సిపల్ కమిషనర్ స్నో తన రిపోర్టులో పెద్ద భయం ఒకటి రాశాడు: పాకీ పనివాళ్లు కూడా వెళ్లిపోతే ఈ నగరం ఏమవుతుంది? ఆ భయం చూసే కొన్ని కఠిన చర్యల్లో వెనక్కి తగ్గారు. అంటే ఎవరి మీద నగరం నిలబడి ఉందో ఆపద వచ్చినప్పుడు పాలకులకు బాగా తెలుసు. ఆపద పోగానే మర్చిపోతారు. 1897లో ఆ ప్లేగు కోసం తెచ్చిన ఎపిడెమిక్ చట్టాన్నే 2020 మార్చిలో మళ్లీ బయటికి తీశారు. చట్టం 123 ఏళ్లు భద్రంగా ఉంది. ఊడ్చేవాళ్ల చేతికి గ్లౌజు మాత్రం మిగలలేదు.

2020లో ఏమైంది? మార్చి 22న చప్పట్లు కొట్టాం. ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీహెచ్‌ఎంసీ, జలమండలి పారిశుద్ధ్య కార్మికులకు 7,500, మిగతా మున్సిపాలిటీలు, పంచాయతీల వాళ్లకు 5,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. అంతకు ముందు పీపీఈ కిట్లు దాదాపు తయారు చేయని మన దేశం మే నెల మధ్యకు రోజుకు నాలుగున్నర లక్షల కిట్లు తయారు చేసే స్థాయికి వచ్చింది. రెండు నెలల్లో! తలచుకుంటే సర్కారుకు ఇది చేతనైన పనే అని తేలిపోయింది.

ప్రపంచమంతా ఇట్లాగే కొన్నది. ఐక్యరాజ్యసమితి ద్వారా 2020 మార్చి నుంచి 2021 నవంబర్ దాకా పంపిన రక్షణ సామగ్రి సుమారు 87,000 టన్నులు, అందులో ఎక్కువ భాగం చెత్తగా మారిందని డబ్ల్యూహెచ్‌ఓ 2022లో చెప్పింది. బ్రిటన్ అయితే వాడటానికి పనికిరాని 400 కోట్ల పౌండ్ల సరుకును తగలబెట్టే దాకా పోయింది. మన దగ్గర కూడా, పేరు చెప్పను, ఒక ఆఫీసు స్టోర్ రూంలో తెరవని అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉండటం నేను చూశాను. ఎక్స్‌పైరీ తేదీ దాటింది. అదే ఆఫీసు బయట ఊడుస్తున్న అక్క చేతికి గ్లౌజు లేదు. స్టోర్ కీపర్‌ను అడిగితే "అది కోవిడ్ హెడ్ కింద వచ్చిన స్టాక్ సార్, వేరేవాళ్లకు ఇవ్వడానికి ఆర్డర్ లేదు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. రూలు అట్లాగే ఉంది. కోవిడ్‌కు ఒక హెడ్ ఉంది. రోజూ వచ్చే ఆపదకు హెడ్ లేదు.

5. సాహెబ్‌నగర్

2021 ఆగస్టు. దేశంలో మాస్కులకు, కిట్లకు కొరత లేదు, రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతున్నారు. అప్పుడు ఎల్‌బీ నగర్ పక్కన వనస్థలిపురం సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు చనిపోయారు. పేర్లు రాయడం లేదు, ఆ ఇళ్ల దుఃఖం ఆ ఇళ్లది. కానీ తేదీ గుర్తు పెట్టుకోండి. కిట్లు పొంగిపొర్లుతున్న రోజుల్లో జరిగిన చావులు అవి.

మ్యాన్‌హోల్ ఎట్లా చంపుతుందో స్టూడెంట్స్ తెలుసుకోవాలి. కుళ్లిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. గాలి కంటే బరువైనది, అడుగున పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అప్పుడు మనిషి 'గ్యాస్ పోయింది' అనుకుంటాడు. 1,000 పీపీఎం దగ్గర ఒకట్రెండు శ్వాసల్లో కుప్పకూలతాడు. పైనున్న తోటివాడు కాపాడదామని దిగుతాడు, అతనూ పడిపోతాడు. అందుకే ఈ చావులు చాలాసార్లు జంటలుగా ఉంటాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. 'మిగిలిన ఎన్95 మాస్కులు సఫాయి కార్మికులకు పంచేస్తే సరిపోతుంది కదా' అని మంచి మనసుతోనే కొందరు అంటారు. ఎన్95 దుమ్మును, తుంపర్లను ఆపుతుంది. గ్యాస్‌ను ఆపదు. కోవిడ్ కవరాల్ తొడుక్కుని మ్యాన్‌హోల్‌లోకి దిగితే చావు ఆగదు, పైగా 'రక్షణ ఇచ్చాం కదా' అని కాంట్రాక్టరుకు సాకు దొరుకుతుంది. మురుగులో ప్రాణం కాపాడేవి వేరు. అసలు మనిషి దిగకుండా మిషన్ రావడం మొదటిది. తప్పనిసరి అయితే గ్యాస్ డిటెక్టర్, గాలి పంపే బ్లోయర్, పైనుంచి పైపుతో గాలి అందే మాస్క్, నడుముకు కట్టే హార్నెస్, పైకి లాగే ట్రైపాడ్. 2013 చట్టం కింద వచ్చిన రూల్స్‌లో ఇట్లాంటి 44 రకాల పరికరాల జాబితా ఉంది. రక్షణ పరికరాలు ఇవ్వకుండా మురుగులోకి దింపడం ఆ చట్టం ప్రకారం నేరం.

మన నగరానికి మిషన్లు తెలియవా? 2017లోనే జలమండలి ఇరుకు గల్లీల్లోకి పోయే 70 చిన్న జెట్టింగ్ మిషన్లు తెచ్చింది, దళిత యువకులనే ఓనర్లుగా పెట్టి. ఆ పని మెచ్చుకోవాల్సిందే. అయినా నాలుగేళ్ల తర్వాత సాహెబ్‌నగర్‌లో మనిషే దిగాడు.

ఈ చట్టాలు ఊరికే రాలేదు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనతో నడిచిన ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్లు కట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు పోయింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబర్ 20న ఇంకో తీర్పులో దాన్ని 30 లక్షలు చేశారు. చావు ధర పెరిగింది. చావు ఆగిందా? 2022, 2023లో జరిగిన 54 మురుగు చావులను కేంద్రం సోషల్ ఆడిట్ చేయించింది. 49 మంది ఒంటి మీద ఏ రక్షణ పరికరమూ లేదు. 2025లో పార్లమెంటు ముందు పెట్టిన లెక్క ఇది.

6. మిగులు వద్దు, వంతు కావాలి

మన వాడలకు 'మిగులు' అనే మాట కొత్త కాదు. పెళ్లి ఇంట్లో మిగిలిన అన్నం, పటేల్ ఇంట్లో పాత బట్ట, చచ్చిన గొడ్డు. చేసిన పనికి కూలి అడగకుండా ఉండటానికి మిగులు పడేసేవాళ్లు. 1927 మహద్ సభలో బాబాసాహెబ్ ఎంగిలి మెతుకులు, చచ్చిన గొడ్డు మాంసం మానేయమని పిలుపిచ్చింది తిండి రుచి కోసం కాదు, ఆత్మగౌరవం కోసం. ఎక్స్‌పైర్ అయిన కిట్లు, వదులైన గ్లౌజులు దానం చేసి ఫొటో దిగడం కూడా ఆ వరుసలోదే. ప్రాణం కాపాడే సరుకు మిగిలిన తర్వాత మనకు రాకూడదు. కొనేటప్పుడే మన పేరు మీద రావాలి.

దానికి దారి కూడా ఉంది. ఎమర్జెన్సీ స్టాకును గోదాంలో కుళ్లబెట్టకుండా, ముందు వచ్చింది ముందు వాడుతూ, ఖాళీ అయినంత కొత్తది నింపుతూ తిప్పవచ్చు. గ్లౌజులు, బూట్లు, మాస్కులు రోజూ చెత్త ఎత్తేవాళ్లకు, దవాఖానా వార్డులు కడిగేవాళ్లకు రోజూ అవసరమే. ఆ రోజువారీ వాడకంలోనే స్టాక్ తిరిగితే ఏదీ ఎక్స్‌పైర్ కాదు, రేపు రోగం వస్తే చేతిలో సరుకు ఉంటుంది. రోజూ ఆపదలో ఉండేవాళ్లను కాపాడితే అరుదుగా వచ్చే ఆపదకు కూడా మనం సిద్ధంగా ఉన్నట్టే.

స్టూడెంట్స్‌కు ఒక పని చెప్తా. మీ మున్సిపాలిటీకి ఆర్‌టీఐ పెట్టండి. ఫీజు 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నాలుగు ప్రశ్నలు చాలు. మీ స్టోర్‌లో ఉన్న రక్షణ సామగ్రి ఎంత, ఎక్స్‌పైరీ తేదీలు ఏమిటి? 2013 రూల్స్‌లోని 44 పరికరాల్లో ఏవి ఎన్ని ఉన్నాయి, చివరిసారి ఎప్పుడు ఎవరికి ఇచ్చారు? గ్యాస్ డిటెక్టర్లు ఎన్ని, ఎవరికి ట్రైనింగ్ ఇచ్చారు? డ్రైనేజీ కాంట్రాక్టు ఒప్పందంలో రక్షణ పరికరాల షరతు ఉందా, ఆ కాపీ ఇవ్వండి. జవాబు వచ్చినా, రాకపోయినా అది మన చేతిలో సాక్ష్యమే.

బాటసింగారం మార్కెట్‌కు పోయినప్పుడు పండు గురించి అడగండి, తప్పు లేదు. ట్రే మోసే అన్నను కూడా అడగండి: రాత్రి హైవే ఎట్లా దాటుతున్నావు, ఎండకు నీళ్లు ఉన్నాయా, నెత్తి మీద షెడ్డు గాలికి ఆగుతదా అని. ఎవరూ అడగని ప్రశ్నలవి. ఆ జవాబులు రాసుకోండి. మన చరిత్ర అట్లా రాసుకుంటేనే ఉంటుంది.

జై భీమ్. జై ఫూలే.